పాత భోజనశాల ప్రతినాదం: ఒక గది శబ్దాన్ని కంప్యూటర్‌లో దాచుకోవడం ఎలా?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా పాఠం లాంటిది రాయమని సంపాదక వర్గం వాళ్లు అడిగారు. గ్రూప్స్‌కు ఎలా చదవాలి, ఇంగ్లీషు భయం ఎలా పోగొట్టుకోవాలి వంటివి రాయడానికి నాకంటే అర్హులు చాలామంది ఉన్నారు. నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను. చదువు కాక నాకు కాస్తో కూస్తో తెలిసిన పని ఇంకొకటి ఉంది, పాటలు రికార్డు చేయడం. ఆ రెండూ కలిసే చోటు గురించి రాస్తాను. వచ్చే ఎండాకాలం సెలవుల్లో మన పాత భోజనశాలను కూలగొట్టి కొత్త బ్లాకు కడతారని మీ అందరికీ తెలుసు. అందుకే ఈ పాఠం ఈ ఏడే రాయాలనిపించింది. ఎందుకో చివరిదాకా చదివితే మీకే అర్థమవుతుంది.

ముందుగా ఒక ప్రయోగం చేయండి. రాత్రి భోజనాలై అందరూ వెళ్లిపోయాక, ఫ్యాన్లు ఆపి, భోజనశాల నడుమ నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. తర్వాత బయట గ్రౌండులోకి పోయి అలాగే కొట్టండి. బయట చప్పుడు టప్పుమని అక్కడికక్కడే ఆగిపోతుంది. లోపల అదే చప్పుడు సాగి, పైకప్పు మూలల్లోకి పోయి, మెల్లమెల్లగా ఆరిపోతుంది. చేతులు అవే, చప్పట్లు అవే. తేడా అంతా గదిది. స్టీలు కంచం చేయిజారి కింద పడితే స్టడీ రూము దాకా వినబడి, వార్డెన్ గారు తలుపు దగ్గర ప్రత్యక్షమయ్యేది కూడా ఈ గది పుణ్యమే.

తొమ్మిదో తరగతి ధ్వని పాఠంలో ప్రతిధ్వని, ప్రతినాదం అని రెండు మాటలు వస్తాయి. రెండు మార్కుల ప్రశ్నకు తప్ప వాటిని మనం పట్టించుకోం. గోడ 17 మీటర్లకు పైగా దూరంలో ఉంటే చప్పుడు పోయి తిరిగి రావడానికి సెకనులో పదో వంతు పడుతుంది, అందుకని చెవి దాన్ని రెండో చప్పుడుగా గుర్తిస్తుంది. అది ప్రతిధ్వని. మన హాలులో గోడలు, స్లాబు అంతకంటే దగ్గర. చప్పుడు ఒక గోడకు కొట్టుకుని రెండోదానికి, అక్కడి నుంచి నేలకు, నేల నుంచి పైకప్పుకు తిరుగుతూ ఉంటుంది. అలా పుట్టే వేల చిన్న ప్రతిధ్వనులు విడివిడిగా వినబడకుండా ఒకదానిమీద ఒకటి పడి తోకలా సాగుతాయి. అది ప్రతినాదం. రికార్డింగ్ వాళ్ల భాషలో రివర్బ్. విహారయాత్రకు గోల్కొండ పోయినప్పుడు ఫతే దర్వాజా దగ్గర గైడు చప్పట్లు కొట్టి, ఇది పైన బాలాహిస్సార్ దాకా వినబడుతుందని చెప్పింది గుర్తుందా? అక్కడ గోపురం చప్పుడును ఒక దిక్కుకు పంపుతుంది. మన హాలు అంత తెలివైనది కాదు, వచ్చిన చప్పుడునల్లా అన్ని దిక్కులకూ చల్లుతుంది. అయినా కళ్లకు గంతలు కట్టి నిలబెడితే, ఒక్క దగ్గు విని ఇది మన భోజనశాల అని మీలో ఎవరైనా చెప్పగలరు.

ఈ విషయం మీదికి నా దృష్టి ఎలా మళ్లిందో చెప్పాలి. మా నాయిన డప్పు కొడతాడు, పాటలు కూడా కడతాడు. బడికి పోలేదు. ఆ పాటలన్నీ ఆయన నోట్లోనే ఉన్నాయి, ఎక్కడా రాసి లేవు. డిగ్రీ రెండో ఏట స్కాలర్‌షిప్ డబ్బులు చేతికి రాగానే ఆయన్ను టౌనులో ఒక చిన్న స్టూడియోకు తీసుకెళ్లాను. లోపల నాలుగు గోడలకూ స్పంజి అంటించిన చిన్న గది. పరుపులో తల పెట్టి పాడినట్టు ఉందన్నాడు నాయిన. పాట అయ్యాక అక్కడి కుర్రాడు ఎకో బాగా ఎక్కించి, సినిమా పాట లాగా వచ్చిందన్నాడు. ఇంటికొచ్చి సెల్లులో పెట్టి వినిపిస్తే నాయిన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "ఇది నా గొంతు గాదు బిడ్డా. బాయిల వడి పాడినట్టున్నది."

ఆ మాటకు అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఎమ్మెస్సీలో చేరాక గానీ దొరకలేదు. స్టూడియో కుర్రాడు చేసిన పనిలో సగం సరైనదే. గదికి స్పంజి అంటించేది గొంతును పొడిగా, గది కలవకుండా పట్టుకోవడానికి. కూరలో ఉప్పు తర్వాతయినా వేసుకోవచ్చు, పడ్డ ఉప్పును తీయలేం. రికార్డింగులో గది కూడా అలాంటిదే. తప్పు జరిగింది రెండో సగంలో. ఆ ఎకో ఏ గదిదీ కాదు. అదీ మాటలు మునిగిపోయేంతగా వేశాడు.

గదికి లెక్క ఉంది

గది ఎంతసేపు మోగుతుందో మొదట లెక్క కట్టినవాడు వాలెస్ సాబిన్. 1895లో అమెరికాలోని హార్వర్డు యూనివర్సిటీలో ఫిజిక్స్ చెప్పే కుర్ర లెక్చరరు, వయసు 27. అక్కడ ఫాగ్ మ్యూజియంలో కొత్తగా కట్టిన ఉపన్యాసశాలలో మాట్లాడితే ఒక మాట మీద ఇంకో మాట పడి ఎవరికీ ఏమీ అర్థమయ్యేది కాదు. చప్పుడు అయిదు సెకన్లకు పైగా నిలిచేది. దాన్ని బాగుచేయమని ఈయనకు అప్పగించారు. ఆయన దగ్గరున్న సామాను ఒక ఆర్గాన్ గొట్టం, ఒక స్టాప్‌వాచీ, తన చెవి. పక్కనున్న శాండర్స్ థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు మోసుకొచ్చి పరచడం, గొట్టం ఊది చప్పుడు ఎన్ని సెకన్లకు ఆరిందో రాసుకోవడం, తెల్లారేలోగా మెత్తలు తిరిగి ఇచ్చేయడం. బయటి రొద లేకుండా ఉండాలని రాత్రిళ్లే చేసేవాడు. అలా తేలిన సూత్రం చాలా తేలిక. గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గది చప్పుడును మింగే శక్తితో భాగించాలి. వచ్చేది చప్పుడు శక్తి పది లక్షో వంతుకు పడిపోవడానికి పట్టే సెకన్లు.

మన భోజనశాలకు వేసి చూద్దాం. టేపుతో కొలిచాను. పొడవు 18 మీటర్లు, వెడల్పు 7, ఎత్తు 4, సెంటీమీటర్లు వదిలేశాను. ఘనపరిమాణం 504. నేల, స్లాబు, నాలుగు గోడలు కలిపి 452 చదరపు మీటర్లు. సున్నం గోడ, షాబాదు బండ, సిమెంటు స్లాబు చప్పుడును పెద్దగా మింగవు, నూటికి మూడు వంతులు అనుకుందాం. మింగే శక్తి 13.6 అయింది. 504ని 0.161తో గుణిస్తే 81. దాన్ని 13.6తో భాగిస్తే ఇంచుమించు 6 సెకన్లు. ఖాళీ హాలు, కిటికీలు మూసి ఉన్నప్పటి మాట ఇది. ఇప్పుడు ఎనిమిది కిటికీలు తెరవండి. తెరిచిన కిటికీలోంచి పోయిన చప్పుడు తిరిగి రాదు, అంటే అది మొత్తం మింగినట్టే. ఒక్కోటి ఒకటిన్నర చదరపు మీటరు చొప్పున 12 కలుస్తుంది, కాలం 3 సెకన్ల చిల్లరకు దిగుతుంది. ఇక వంద మంది మనం వచ్చి కూర్చుంటే? మనిషి, అతని బట్టలు కలిపి దాదాపు అర చదరపు మీటరు కిటికీతో సమానం. 45 కలిపి చూడండి, కాలం 1.2 సెకన్ల లోపుకు వస్తుంది. ఆదివారం కోడికూర నాడు అంత గోలలోనూ పక్కవాడి మాట అర్థమయ్యేది ఇందుకే. ఒంటరిగా నిలబడి పాడితే గొంతు గొప్పగా అనిపించేదీ ఇందుకే. స్నానాల గదుల దగ్గర గాయకులైన వాళ్లందరికీ ఈ సూత్రం తెలియకుండానే తెలుసు.

గది లేని చోట గదిని పుట్టించడానికి జనం రకరకాల తంటాలు పడ్డారు. ఖాళీ గదిలో స్పీకరు ఒక మూల, మైకు ఒక మూల పెట్టి పాటను మళ్లీ పట్టడం ఒకటి. 1957లో జర్మనీ నుంచి ఇ.ఎం.టి. 140 అనే యంత్రం వచ్చింది, మంచం కంటే పెద్దదైన ఉక్కు రేకును వేలాడదీసి కంపింపజేసేది. 1960 తర్వాత ష్రోడర్ అనే శాస్త్రవేత్త కంప్యూటర్ లెక్కతోనే ప్రతినాదం పుట్టించే దారి చూపాడు. ఇప్పటికీ చాలా ఎకో మీటల వెనుక ఆ లెక్క వారసులే ఉన్నారు. అవి చెడ్డవని కాదు. కానీ అవి గది లాంటిదాన్ని ఇస్తాయి, ఫలానా గదిని ఇవ్వలేవు.

గుణకారంలో దాగిన గది

ఫలానా గది కావాలంటే కన్వల్యూషన్ కావాలి. పేరు చూసి బెదరకండి. మీరు మూడో తరగతిలోనే చేశారు.

గదిలో ఒక్క క్షణం పాటు, అతి పొట్టిగా, ఒక చప్పుడు చేశామనుకోండి. దానికి గది ఇచ్చే మొత్తం జవాబును, అంటే మొదటి దెబ్బ, గోడల నుంచి వచ్చినవి, చివరి తోక, అన్నీ రికార్డు చేస్తాం. దాని పేరు ఇంపల్స్ రెస్పాన్స్. గది వేలిముద్ర అనుకోండి. ఇక కంప్యూటర్‌లోకి ఎక్కిన పాట అంటే ఏమిటి? ఒక అంకెల వరుస. సీడీ నాణ్యతలో సెకనుకు 44,100 అంకెలు. అందులో ప్రతి అంకెనూ ఒక చిన్న చప్పట్ల దెబ్బ అనుకోవచ్చు, ఒకటి గట్టిది, ఒకటి మెల్లనిది. ప్రతి దెబ్బకూ గది తన పూర్తి జవాబు ఇస్తుంది. గట్టి దెబ్బకు గట్టి జవాబు, మెల్లని దానికి మెల్లని జవాబు. వీటన్నిటినీ ఒక్కో అడుగు జరిపి కూడితే, ఆ గొంతు ఆ గదిలో ఎలా వినబడేదో అది వస్తుంది.

చిన్న అంకెలతో చేద్దాం. గది జవాబు 4, 2, 1 అనుకోండి. మొదట 4, తర్వాత సగం, తర్వాత అందులో సగం. గొంతులో రెండే దెబ్బలు, 2, 3. మొదటి దెబ్బ 2కు గది ఇచ్చేది 8, 4, 2. రెండో దెబ్బ 3కు ఇచ్చేది 12, 6, 3, కానీ అది ఒక అడుగు ఆలస్యంగా మొదలవుతుంది. జరిపి కూడితే 8, 16, 8, 3. ఇప్పుడు పలక తీసి 421ని 23తో గుణించండి. మూడుతో గుణించి ఒక వరుస, రెండుతో గుణించి ఒక స్థానం జరిపి ఇంకో వరుస, తర్వాత కూడిక. వచ్చేది 9683. మన 8, 16, 8, 3ను వేలు, వందలు, పదులు, ఒకట్లుగా చదవండి. ఎనిమిది వేలు, పదహారు వందలు, ఎనభై, మూడు. అదే 9683. స్థానాలు జరిపి కూడడమే కన్వల్యూషన్, చేతిలో మిగిలిన అంకెను పక్కకు మోయకుండా వదిలేస్తే సరి. ఇది అర్థమైన రోజు లైబ్రరీలో నేను ఒక్కడినే నవ్వాను, ఎదురుగా కూర్చున్నవాడు అదోలా చూశాడు.

అర్థం కావడం వేరు, చేయడం వేరు. రెండు సెకన్లు మోగే గది అంటే 88,200 అంకెలు. పాటలో ఒక్క సెకనుకే 44,100 సార్లు 88,200 గుణకారాలు, మొత్తం సుమారు 389 కోట్లు. అందుకే చాలాకాలం ఇది కాగితం మీదే ఉండిపోయింది. 1965లో కూలీ, ట్యూకీ అనే ఇద్దరు ప్రచురించిన త్వరిత ఫూరియర్ పద్ధతి దీనికి అడ్డదారి. చప్పుడును కాలం నుంచి పౌనఃపున్యంలోకి మార్చితే ఈ జరపడాలు, కూడడాలు పోయి మామూలు గుణకారం మిగులుతుంది, తర్వాత వెనక్కి మార్చుకోవచ్చు. దానికీ ఒక చిక్కుంది. పెద్ద ముక్క పోగయ్యేదాకా ఆగాలి, ఈలోగా పాట ఆలస్యమవుతుంది. గది జవాబు మొదటి భాగాన్ని చిన్న ముక్కలుగా, తోకను పెద్ద ముక్కలుగా కోసుకుంటే ఆలస్యం ఉండదని 1995లో విలియం గార్డ్‌నర్ చూపించాడు. 1999లో సోనీ ఈ పని అక్కడికక్కడే చేసే యంత్రాన్ని తెచ్చింది. 2001లో నెదర్లాండ్స్‌కు చెందిన ఆడియో ఈజ్ వాళ్లు ఆల్టివెర్బ్ పేరుతో కంప్యూటర్‌లో వేసుకునే ప్లగిన్ చేశారు. ఇవాళ మామూలు లాప్‌టాప్ కూడా ఈ కోట్ల లెక్కలు చేస్తూనే పక్కన ఇంకో పది పనులు చేస్తుంది.

పోయిన గదులు

ఇటలీలో వెనిస్ నగరంలో లా ఫెనీచే అనే సంగీత నాటకశాల ఉంది. 1996 జనవరి 29న అది మంటల్లో కాలిపోయింది. అంతకు కొద్దివారాల ముందే ట్రాంకిన్, ఫరీనా అనే ఇటలీ పరిశోధకులు ఆ శాల ఇంపల్స్ రెస్పాన్సులను కొలిచి పెట్టుకున్నారు. భవనం బూడిదైంది, దాని చప్పుడు మాత్రం ఫైళ్లలో మిగిలింది. 2003 చివరలో మళ్లీ కట్టి తెరిచారు. పారిస్‌లో నోటర్ డామ్ చర్చికి 2019 ఏప్రిల్ 15న నిప్పంటుకున్నప్పుడు కూడా, 2013లో ఒక పరిశోధక బృందం చేసిన శబ్ద కొలతలు చేతిలో ఉన్నాయి. అది 2024 డిసెంబరులో తిరిగి తెరుచుకుంది.

నాకు ఇంకా నచ్చింది ఇస్తాంబుల్‌లోని హాగియా సోఫియా కథ. 537లో పూర్తయిన కట్టడం, మొదట చర్చి, తర్వాత మసీదు, ఆ తర్వాత మ్యూజియం. 2020 నుంచి మళ్లీ మసీదు. లోపల చప్పుడు పది సెకన్లు దాటి నిలుస్తుంది. మ్యూజియంగా ఉన్న రోజుల్లో లోపల పాడనిచ్చేవారు కాదు. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు 2010లో లోపల బెలూన్లు పగలగొట్టి ఆ చప్పుడు రికార్డు చేసుకున్నారు. దాంతో కపెల్లా రొమానా అనే గాయక బృందం అమెరికాలోనే ఉండి, ఆ గుమ్మటం కింద పాడినట్టు పాడగలిగింది. 2019లో ఆల్బం కూడా వచ్చింది. అంత పెద్ద కట్టడానికి వాడింది మన సంతలో దొరికే బెలూన్ అని తెలిసినప్పుడే నాకు మన భోజనశాల గుర్తొచ్చింది.

మేం చేసిన పని

వార్డెన్ గారిని అడిగితే మొదట నవ్వారు, తర్వాత తాళం ఇచ్చారు. మొదటిసారి దీపావళికి మిగిలిన టపాకాయ కాల్చాం. అది పనికిరాలేదు. మైకు తట్టుకోలేక అల తల తెగిపోయి చదునైంది, పైగా వాచ్‌మన్ తాత పరుగెత్తుకొచ్చాడు. సెల్‌ఫోన్‌తో రికార్డు చేయడం రెండో పొరపాటు. ఫోను తనంతట తాను మెల్లని చప్పుడును పెంచుతుంది, రొద అనుకున్నదాన్ని కోస్తుంది. గది తోక సరిగ్గా అలాంటి మెల్లని చప్పుడే కదా, అది చెడిపోతుంది. మూడోసారి యూనివర్సిటీ మిత్రుడి దగ్గర రికార్డరు అడిగి తెచ్చాను. ఎంపీత్రీలో కాకుండా వేవ్ ఫైలుగా పట్టాం. ఫ్యాన్లు, ట్యూబులైట్లు, నీళ్ల మోటారు ఆపించాం. అయిదు పెద్ద బెలూన్లు ఒకటొకటిగా పగలగొట్టాం. చిన్నవాటికంటే పెద్ద బెలూన్‌లో బొంగురు శబ్దం బాగా వస్తుంది.

బెలూన్ కంటే మేలైన పద్ధతి ఒకటుంది. 2000 సంవత్సరంలో ఇందాక చెప్పిన ఫరీనాయే దాన్ని వివరించాడు. స్పీకరులోంచి 20 హెర్ట్జ్ నుంచి 20 వేల హెర్ట్జ్ దాకా ఎక్కుతూ పోయే ఒక కూతను పది, పదిహేను సెకన్లు వినిపించి, గదిలో రికార్డు చేస్తారు. తర్వాత కంప్యూటర్ ఆ కూతను వెనక్కి మడిచి ఒక్క దెబ్బగా చేస్తుంది. పది సెకన్ల శక్తి ఒక్క క్షణంలోకి చేరుతుంది కాబట్టి బయటి రొద అడుగున పడిపోతుంది. స్పీకరు చేసే చెడ్డ చప్పుళ్లు కూడా చాలావరకు అసలు దెబ్బకు ముందే విడిగా వచ్చి పడతాయి, కత్తిరించేయొచ్చు. వార్షికోత్సవాల స్పీకరునే వాడాం. మొదటి రెండుసార్లు ఆ కూతకు ఎనిమిదో తరగతి పిల్లలు నవ్వు ఆపుకోలేకపోయారు. మూడోసారి బిగబట్టుకున్నారు. స్పీకరును వడ్డించే గట్టు దగ్గర పెట్టి, మైకును 2 మీటర్లు, 6 మీటర్లు, 12 మీటర్ల దూరంలో మార్చాం. కిటికీలు మూసి ఒకసారి, తెరిచి ఒకసారి. మూసినప్పుడు లెక్క 6 సెకన్లు అంది గానీ కొలిస్తే 4 వచ్చింది. మన కిటికీ రెక్కల సందులు మీరు చూశారు కదా, సాబిన్ వాటిని చూడలేదు.

పాటకు కలపడం

రీపర్ అనే సాఫ్ట్‌వేర్‌లో రియావెర్బ్ అనే ప్లగిన్ దానితోపాటే వస్తుంది, కూతను దెబ్బగా మార్చే పనీ అదే చేస్తుంది. మెల్డా వాళ్ల ఎం కన్వల్యూషన్ ఈజీ ఉచితం. గదులు కావాలంటే ఇంగ్లండులోని యార్క్ యూనివర్సిటీ వాళ్ల ఓపెన్ ఎయిర్ సేకరణ ఉంది, ఒక్కో ఫైలుకు ఏ షరతు పెట్టారో చదివి వాడుకోవాలి.

పాడేవాళ్లను చిన్న గదిలో బొంతలు వేలాడదీసి పొడిగా రికార్డు చేయండి. గదిలో ముందే ప్రతినాదం ఉంటే ఒక గది లోపల ఇంకో గది పెట్టినట్టు అవుతుంది. ప్లగిన్‌ను గొంతు ట్రాకు మీదే వేయకుండా వేరే ట్రాకులో పెట్టి, గొంతు నుంచి దానికి కొంత పంపండి. ఆ ట్రాకులో పొడి శబ్దం సున్నా, తడి శబ్దం పూర్తిగా ఉండాలి. రికార్డింగ్ వాళ్లు ఇలాగే తడి, పొడి అంటారు. ఫైలు మొదట్లో ఉన్న ఖాళీ నిశ్శబ్దాన్ని కోయండి, చివర తోక రొదలో కలిసే చోట మెల్లగా తగ్గించండి. గదిని 20 నుంచి 40 మిల్లీసెకన్లు ఆలస్యంగా మొదలుపెడితే మాట ముందు వచ్చి, గది దాని వెనక నడుస్తుంది. రివర్బ్ ట్రాకులో 200 హెర్ట్జ్ కింద ఉన్నది తగ్గించండి, లేకపోతే డప్పు దెబ్బలన్నీ కలిసి బురదవుతాయి. డప్పుకు పొట్టి గది, గొంతుకు పొడవు గది వాడటం మోసమేమీ కాదు, వినడానికి బాగుంటే చాలు. ఎంత వేయాలో తెలియకపోతే రివర్బ్ వినబడేదాకా పెంచి, అక్కడి నుంచి కొంచెం తగ్గించండి. తర్వాత మొత్తం ఆపేసి చూడండి. ఏదో పోయినట్టు అనిపిస్తే సరిపోయినట్టే.

ఇంకో సరదా. ఇంపల్స్ రెస్పాన్స్ గదికే ఉండాలని లేదు. మెస్సులో పప్పు వండే గుండిగలో మైకు పెట్టి, అంచు దగ్గర వేళ్లతో చిటికె వేసి దానిదీ తీశాను. అందులోంచి మా మిత్రుడి ప్రసంగం వినిపిస్తే వార్డెన్ గారు కూడా నవ్వారు.

నాయిన పాటను మళ్లీ పొడిగా, మా ఇంట్లోనే బొంతల నడుమ రికార్డు చేశాను. 12 మీటర్ల ఫైలుతో మన భోజనశాలను కలిపాను. ఎక్కడిదని చెప్పకుండా వినిపించాను. నేను ఇంటర్లో ఉన్నప్పుడు వార్షికోత్సవానికి వచ్చి ఇదే హాలులో ఆయన డప్పు కొట్టిన సంగతి పాతవాళ్లకు గుర్తుండవచ్చు. డప్పు మొదలుకాగానే తలెత్తి, "ఇది మీ హాస్టల్ల కొట్టినట్టున్నది గదా" అన్నాడు. నాకు ఒళ్లు జలదరించింది. కానీ గొంతు వచ్చేసరికి ముఖం ముడుచుకున్నాడు. "నేను గట్టు కాడ నిలవడి పాడుతుంటే నువ్వు తలుపు కాడ నిలవడి ఇన్నట్టున్నది. జెర దగ్గరికి రా." ఆయన మైకు దూరం గురించి మాట్లాడుతున్నాడని నాకు కాసేపటికి గానీ తట్టలేదు. 2 మీటర్ల ఫైలు గొంతుకు, 12 మీటర్లది డప్పుకు మార్చాను. ఈసారి పాట అయిపోయేదాకా ఏమీ అనలేదు, అయిపోయాక మళ్లీ పెట్టమన్నాడు.

ఈ పద్ధతికి పరిమితులున్నాయి. మనం పట్టింది స్పీకరు ఒక చోట, మైకు ఒక చోట ఉన్నప్పటి గది మాత్రమే. పాడుతూ నడిచే మనిషిని ఇది అనుసరించదు. స్పీకరు స్వభావం కూడా కొంత అందులో అంటుకుని ఉంటుంది. వంద మంది కూర్చున్న హాలును మేం కొలవలేకపోయాం, ఎందుకంటే వంద మందిని పదిహేను సెకన్లు దగ్గకుండా కూర్చోబెట్టడం వార్డెన్ గారి వల్ల కూడా కాలేదు. సెలవులకు ముందు ఇంకొక్కసారి ప్రయత్నిద్దామని ఉంది. పదో తరగతి వాళ్లు ముందుకొస్తే, పరీక్షలకు ముందు ఒక ఆదివారం రికార్డరు తెస్తాను.

ఇప్పటికి ఆరు ఫైళ్లు ఉన్నాయి, మూడు దూరాలు, ఒక్కోదానికి కిటికీలు మూసి ఒకటి, తెరిచి ఒకటి. అన్నీ వేవ్ ఫైళ్లు, 48 వేల హెర్ట్జ్, స్టీరియో. హాస్టల్ కంప్యూటర్ గదిలో ‘భోజనశాల’ అనే ఫోల్డరులో పెట్టాను, ఒక పెన్‌డ్రైవు వార్డెన్ గారి బీరువాలో ఉంది. పాతవాళ్లు ఎవరైనా వచ్చి కాపీ చేసుకోవచ్చు. బెలూన్లు పగలగొట్టిన అయిదు రికార్డింగులు కూడా అందులోనే ఉన్నాయి. నాలుగోదాంట్లో మూడో సెకను దగ్గర వాచ్‌మన్ తాత దగ్గు పడింది. కొలతకు అది పనికిరాదు గానీ, దాన్ని చెరపలేదు.